చివరి మూడు వందల మైళ్లు

గాలాపగోస్ దీవుల దగ్గర పడమటికి తెరచాప ఎత్తిన పడవకు మళ్లీ నేల కనబడాలంటే సుమారు 3000 నాటికల్ మైళ్లు పోవాలి. దారిలో దీవి లేదు, దీపస్తంభం లేదు. రోజుల తరబడి ఇంకో ఓడ కూడా ఎదురుపడదు. ఆగ్నేయ వ్యాపార పవనాలు వెనక నుంచి తోస్తుంటే నలభై అడుగుల పడవ మూడు వారాలకు అటూ ఇటూగా ఈ దూరం దాటుతుంది. ఆ చివర ఉన్నవి ఫ్రెంచ్ పాలినీషియాకు చెందిన మార్క్వెసాస్ దీవులు. వాటిలో హీవా ఓవా అనే దీవి మీద అటువోనా అనే ఊరుంది. చాలామంది మొదట లంగరు దించేది ఆ ఊరి పక్క రేవులోనే. చిత్రకారుడు పాల్ గోగాన్ 1903లో అక్కడే కన్నుమూశాడు. బెల్జియం గాయకుడు జాక్ బ్రెల్ 1975లో సొంత పడవ మీద వచ్చి, ఊరు నచ్చి ఉండిపోయాడు. ఇద్దరి సమాధులూ ఆ ఊరి కొండవాలు శ్మశానంలోనే ఉన్నాయి.

ఈ దారిన పోబోయే ఒక పడవలో నలుగురు సిబ్బంది. వారిలో ఒకమ్మాయి హుస్సేన్‌సాగర్ మీద చిన్న తెరచాప పడవలు నడపడం నేర్చుకుంది. విశాఖలో ఉండే ఆమె బాబాయి సరుకు ఓడల కెప్టెన్‌గా చేసి రిటైరైనవాడు. ఆమె రాసుకొచ్చిన ప్రయాణ ప్రణాళికలో మంచినీళ్లు, బియ్యం, మందులు, తెరచాపలు కుట్టుకునే సామాను, రాత్రి కాపలా వంతులు అన్నిటికీ టిక్కు పెట్టుకుంటూ వచ్చాడాయన. ఆఖరి పేజీలో ఒక వాక్యం దగ్గర ఆయన పెన్ను ఆగింది. "చివరి 300 మైళ్లు జీపీఎస్ కట్టేసి నడపాలి."

"ఇదేమిటమ్మా, పరీక్షా? మొక్కుబడా?" అన్నాడు.

"రెండూ కాదు బాబాయ్. మూడు వారాలూ తెర మీద పడవ బొమ్మ జరుగుతుంటే చూస్తూ కూర్చుంటే సముద్రం దాటినట్టెలా అవుతుంది? కనీసం ఆఖరి రెండు రోజులైనా దీవిని కళ్లతో కనిపెట్టాలి. మనుషులు వేల ఏళ్లు అలాగే కనిపెట్టారు."

"వేల ఏళ్లు అలాగే పోయారు కూడా. పోయినవాళ్లు తిరిగొచ్చి చెప్పలేదు గనక నీ చెవిన పడ్డ కథలన్నీ చేరినవాళ్లవే."

వయసును బట్టి చూస్తే ఈ మాటలు అటువి ఇటు, ఇటువి అటు ఉండాల్సింది. కానీ సూర్యుడి, చుక్కల ఎత్తు కొలిచే సెక్స్టెంట్‌ను ఏళ్ల తరబడి పట్టి పనిచేసినవాడికి దాని మీద మోజేమీ మిగలదు. బాబాయి పని నేర్చుకున్న రోజుల్లో నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో తేలాలంటే మధ్యాహ్నపు సూర్యుడో సంధ్యవేళ చుక్కలో దయచూడాలి. కొలతకు చుక్కా కనబడాలి, దిగంతపు గీతా కనబడాలి. రెండూ కలిసి కనబడేది సంధ్యలోనే. ఉష్ణమండలంలో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు కాబట్టి పనికొచ్చే సంధ్య అరగంట నిలిస్తే గొప్ప. మబ్బు కమ్మితే ఆ అరగంటా పోయినట్టే. అప్పుడు మిగిలేది అంచనా ఒక్కటే: నిన్న అక్కడున్నాం, ఇంత వేగంతో ఈ దిక్కుగా వచ్చాం, కాబట్టి ఇవాళ ఇక్కడ ఉండాలి.

"ఆ 'ఉండాలి'ని నమ్ముకుని రాత్రంతా బ్రిడ్జి మీద నిలబడ్డవాణ్ని నేను. 1995లో జీపీఎస్ పూర్తిగా పనిలోకి వచ్చినప్పుడు మా వాళ్లలో ఒక్కడూ కన్నీళ్లు పెట్టుకోలేదు," అన్నాడు బాబాయి. "అంతెందుకు, నువ్వు పోయే దీవుల కథే చూడు. అల్వారో దె మెండాన్యా అనే స్పెయిన్ నావికుడు 1568లో సోలమన్ దీవులు చూశాడు. 1595లో మళ్లీ వాటి కోసమే పెరూ నుంచి బయల్దేరాడు. మార్క్వెసాస్ కనబడగానే, అవిగో సోలమన్ దీవులు అనుకున్నాడు. తేడా ఎంతనుకున్నావు? ఆరు వేల కిలోమీటర్ల పైమాటే. అక్షాంశం కొలవడం వచ్చు, రేఖాంశం కొలవడం రాదు. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లు సోలమన్ దీవులు యూరప్ వాళ్లకు దొరకనే లేదు."

"మెండాన్యాకు తెలియకపోవచ్చు బాబాయ్. ఆయన వచ్చేసరికి మార్క్వెసాస్‌లో మనుషులున్నారు కదా. వాళ్లెలా వచ్చారు?"

బాబాయి దగ్గర దీనికి వెంటనే జవాబు లేకపోయింది. అమ్మాయి ఆ సందు వదల్లేదు. హోకూలేయా కథ ఎత్తుకుంది.

అది పాతకాలపు పాలినీషియా నావల తీరులో హవాయిలో కట్టిన జంట పడవ. 1976 మే 1న మావీ దీవి నుంచి తాహితీకి బయల్దేరింది. దారి చూపినవాడు మైక్రోనీషియాలోని సతావల్ అనే చిన్న దీవికి చెందిన మావ్ పియాయిలుగ్. చేతిలో దిక్సూచి లేదు, పటం లేదు. ఏ చుక్క ఎక్కడ పొడుస్తోంది, ఎక్కడ కుంగుతోంది, దూరపు అల పడవను ఏ పక్క నుంచి ఎత్తుతోంది అన్నవే ఆయన లెక్కలు. జూన్ 4న పడవ తాహితీలోని పపీటే రేవు చేరింది. స్వాగతం చెప్పడానికి ఒడ్డున పదిహేడు వేల మంది నిలబడ్డారు.

"వెనకాల ఏమొచ్చిందో చెప్పవేం? మెయోటాయి అనే తోడు పడవ వచ్చింది," అన్నాడు బాబాయి.

"వచ్చింది. కానీ మావ్‌కు దారి చెప్పలేదు."

"చెప్పలేదు. మునిగితే పైకి లాగడానికి ఉందిగా. నీ వెనక ఎవరొస్తున్నారు?"

అమ్మాయి మాట మార్చలేదు కానీ పటం ముందుకు జరిపింది. మావ్ ఏకంగా తాహితీని వెతకలేదని చూపించింది. తాహితీకి ఈశాన్యంగా టువామోటూ పగడపు దీవులు దాదాపు 1500 కిలోమీటర్ల మేర దడి కట్టినట్టుంటాయి. ఆ వరసలో ఏ దీవి తగిలినా చాలు, అక్కడి నుంచి లెక్క సరిచూసుకోవచ్చు. హోకూలేయాకు మొదట తగిలింది వాయవ్యం కొసన ఉన్న మటైవా. తాహితీ అక్కడికి 300 కిలోమీటర్లు. దీవి చిన్నదైనా దాని చుట్టూ గుర్తులు విస్తరించి ఉంటాయి కాబట్టి వెతికేవాడికి అది పెద్దదవుతుంది. ఈ విద్యను పసిఫిక్ నావికుల దగ్గర కూర్చుని నేర్చుకుని 1972లో పుస్తకంగా వేసిన డేవిడ్ లూయిస్ ఆ గుర్తులకు మైళ్లు కూడా కట్టాడు. టెర్న్, నాడీ పక్షులు కనబడితే నేల ఇరవై, పాతిక మైళ్లలో ఉన్నట్టు. బూబీ పక్షులైతే ముప్పై. పొద్దున నేల నుంచి సముద్రానికి, పొద్దుగూకితే సముద్రం నుంచి నేలకు వాటి రాకపోకలు. కాబట్టి సాయంత్రం అవి పోయే దిక్కే దీవి దిక్కు.

"మబ్బులు కూడా చెప్తాయి. వ్యాపార పవనాల్లో మబ్బులన్నీ వరసగా కదిలిపోతుంటే ఒక్కటి మాత్రం కదలకుండా నిలబడిందంటే దాని కింద కొండ ఉన్నట్టు. పగడపు దీవి లోపలి మడుగు మీద నిలిచిన మబ్బుకు అడుగున పచ్చడాలు తేలుతుంది," అంది.

"ఫ్రిగేట్ పక్షి కనబడితే?"

"దాన్ని నమ్మొద్దని లూయిసే రాశాడు."

"బాగా రాశాడు. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో గాలాపగోస్‌లోని ఫ్రిగేట్ పక్షుల తలకు చిన్న యంత్రాలు కట్టి చూశారు. పది రోజుల దాకా కింద వాలకుండా తిరిగినవి ఉన్నాయి. ఎగురుతూనే రోజుకు ముప్పావు గంట లోపు కునుకు తీస్తాయట. అలాంటి పక్షిని చూసి నేల దగ్గరపడిందని మురిసిపోయావనుకో, ఇంకా వారం సముద్రం మిగిలి ఉంటుంది."

అప్పుడామె తన పక్షానికి బలం అనుకుని ఒక కథ చెప్పింది. 1980లో హోకూలేయాను మళ్లీ తాహితీకి నడిపినవాడు నైనోవా థాంప్సన్ అనే హవాయి యువకుడు. మావ్ కూడా పడవలోనే ఉన్నాడు కానీ కల్పించుకోలేదు. ఆఖరి ఘట్టంలో ఒక రోజు ముందు పక్షులు కనబడ్డాయి. తెల్లారేసరికి ఏమీ లేదు. ఒక్క పక్షి మాత్రం పడవ మీదుగా పోయింది. పొద్దున పక్షి సముద్రంలోకి వేటకు పోతుందన్నది పాఠం. కాబట్టి అది వచ్చిన వైపే నేల ఉండాలని నైనోవా పడవను వెనక్కి తిప్పాడు. కొంతసేపటికి మావ్ మొదటిసారి నోరు విప్పి, తిప్పు, ఆ పక్షి వెంటే పో అన్నాడు. కారణం చెప్పలేదు. పోగా పోగా దీవి కనబడింది. ఆ పక్షి ముక్కున చేప ఉందని, పిల్లలు పెట్టే కాలం కాబట్టి పొద్దున్నే గూటికి మేత తీసుకుపోతోందని మావ్ తర్వాత చెప్పాడు.

"చూశావా, ముక్కున ఉన్న చేప దాకా చూసే కళ్లు అవి. ఏ యంత్రానికి వస్తుంది ఆ చూపు?"

బాబాయి నవ్వాడు. "కథ నాకు నచ్చింది. కానీ నువ్వు చెప్పిందేమిటో నువ్వే వినలేదు. ఏళ్ల తరబడి నేర్చుకున్నవాడు ఒక్క పక్షిని చూసి సరిగ్గా ఎదురు దిక్కుకు పడవ తిప్పాడు. ఇంకొకడు పక్కన ఉన్నాడు కాబట్టి గట్టెక్కారు. మీ నలుగురిలో మావ్ ఎవరు?"

"సరే. మరి నీ తెర పక్కన ఎవరుంటారు? తెర తప్పితే తిప్పమని చెప్పేదెవరు?"

ఈ ప్రశ్నకు ఆమె ఆధారం 2014 నవంబరు 29 రాత్రి. వోల్వో ఓషన్ రేస్ పోటీలో రెండో అంచె, కేప్‌టౌన్ నుంచి అబుధాబికి. టీమ్ వెస్టాస్ విండ్ అనే పడవలో తొమ్మిది మంది ఉన్నారు. ఉపగ్రహాలు, కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్ పటాలు, దేనికీ లోటు లేదు. తుపాను భయంతో నిర్వాహకులు చివరి వేళలో మార్గం హద్దులు సవరించారు. దాంతో దారి మారిషస్‌కు ఈశాన్యంగా 430 కిలోమీటర్ల దూరంలో ఉన్న కార్గడోస్ కరాజోస్ పగడపు దిబ్బల మీదుగా వచ్చింది. పటాన్ని దూరం నుంచి చూస్తే అక్కడ పదుల మీటర్ల లోతున్న గట్టు ఉన్నట్టే ఉంది. బాగా దగ్గరికి లాగి చూస్తేనే దిబ్బ బయటపడుతుంది. ఎవరూ అంత దగ్గరికి లాగలేదు. చీకట్లో పడవ పూర్తి వేగంతో దిబ్బ మీదికెక్కి విరిగింది. అదృష్టం కొద్దీ అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

"అది జీపీఎస్ తప్పు కాదు. పడవ ఎక్కడుందో అది సరిగ్గానే చెప్పింది," అన్నాడు బాబాయి. ఆయన గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"నేనూ అదే అంటున్నాను. పడవ ఎక్కడుందో చెప్పింది. దిబ్బ ఎక్కడుందో చెప్పలేదు. రాష్ట్రం పటంలో మన వీధి లేదని వీధే లేదనుకుంటామా? తెర ముందు కూర్చుంటే అలాగే అనుకుంటాం. పైగా పసిఫిక్‌లో కొన్ని చోట్ల పటాలకు ఆధారం పాతకాలపు కొలతలే. జీపీఎస్ లెక్కలో దీవి ఒకచోట, పాత పటంలో ఇంకోచోట ఉండొచ్చు."

మారిషస్ పేరు వినగానే బాబాయికి సొంత ఊరి వైపు ఆలోచన మళ్లింది. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి మన తీరం నుంచి తెరచాప ఓడల్లో అక్కడికి పోయినవాళ్లున్నారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుంచి ఎక్కినందుకు ఆ దీవిలో తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచేవారు. "వాళ్లను అడిగితే ఆఖరి రెండు రోజులు అందంగా ఉన్నాయని ఒక్కడైనా అనేవాడా? ఎప్పుడు నేల తగులుతుందా అని ఓడ అడుగున లెక్కపెట్టుకుని ఉంటారు," అన్నాడు.

"వాళ్లు చుక్కాని దగ్గర లేరు బాబాయ్. ఉన్నవాళ్ల మాట చెప్పు. తారిణిలో మన విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు కదా."

భారత నౌకాదళ మహిళలు ఆరుగురు ఐఎన్ఎస్‌వీ తారిణి మీద 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, 2018 మే 21న భూమి చుట్టి తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో పి. స్వాతి, ఐశ్వర్య బొడ్డపాటి తెలుగువాళ్లు. ఇంటి దారిలో, ఏప్రిల్‌లో, చుక్కాని తిప్పే యంత్రాంగం మొరాయిస్తే ముందు అనుకోని మజిలీగా మారిషస్‌లోని పోర్ట్‌లూయీకి పోయి బాగుచేయించుకున్నారు.

"అదీ మాట," అని అందుకున్నాడు బాబాయి. "ఎక్కడున్నామో వాళ్లకు తెలుసు. పడవ తిప్పితే తిరగాలి, అదీ అవసరం. నువ్వు రాసిన పేజీ మొత్తం 'దీవి ఎక్కడ' అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. ఆఖరి రోజుల్లో నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న అది కాదు. ఏ వేళకు, ఏ పక్క నుంచి చేరతాం? చేరలేకపోతే పక్కకు తప్పుకోగలమా? కాన్-టికీ చదివావుగా?"

థార్ హెయర్‌డాల్, మరో అయిదుగురు 1947 ఏప్రిల్ 28న పెరూలోని కయావో రేవు నుంచి కాన్-టికీ అనే బాల్సా దుంగల తెప్ప మీద బయల్దేరారు. వారి దగ్గర సెక్స్టెంట్ ఉంది, ఎక్కడున్నారో వారికి తెలుసు. జూలై 30న పుకా-పుకా దీవి కళ్లెదుటే కనబడింది. గాలికి ఎదురు తిరగలేని తెప్ప దాన్ని దాటిపోయింది. నాలుగు రోజులకు అంగటావు దీవి తగిలింది. అక్కడి జనం చిన్న పడవలేసుకుని ఎదురొచ్చి సాయం పట్టారు. అయినా లోపలికి పోవడం వల్ల కాలేదు. ఆగస్టు 7న, 101వ రోజున, రరోయా దిబ్బ మీద కెరటాలు తెప్పను విసిరికొట్టాయి. చేరారు, బతికారు. చేరే చోటు, చేరే వేళ మాత్రం వారి చేతిలో లేవు.

ఇక్కడి నుంచి వాదన లెక్కల్లోకి దిగింది. 300 మైళ్లు ఆరు నాట్ల (గంటకు ఆరు నాటికల్ మైళ్ల) వేగంతో 50 గంటలు. అయిదున్నరకు తగ్గితే 54 గంటలు దాటుతుంది, ఆరున్నరకు పెరిగితే 46. అంటే ఒక్క నాట్ తేడాతో ఎనిమిది గంటలు అటూ ఇటూ అవుతుంది. పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు ఉండే ఆ చోట, మధ్యాహ్నం చేరాల్సిన పడవ చీకట్లో చేరడానికి ఆ ఎనిమిది గంటలు చాలు. మూడు వారాల ప్రయాణంలో పడవ అడుగుకు బార్నకిల్స్ అనే గుల్ల జీవులు పట్టి వేగం కొంత తగ్గిపోతుంది కూడా. మొదటి వారం వేగం చూసి ఆఖరి వారం లెక్క కట్టకూడదు.

"చీకటి పడితే బయటే ఆగి తెల్లవారేదాకా చూస్తాం," అంది అమ్మాయి.

"ఎటుపక్క ఆగుతావు? నీకు గాలి తూర్పు నుంచి, దీవి పడమట. దక్షిణ భూమధ్యరేఖా ప్రవాహం కూడా పడమటికే. పడవను తేలనిస్తే గంటకు మైలున్నర దీవి వైపే జరుగుతుందనుకో, రాత్రి పన్నెండు గంటల్లో పద్ధెనిమిది మైళ్లు."

"అయితే అక్కడికి పోయాక ఆగడం కాదు. రెండు రోజుల ముందే తెరచాప తగ్గించుకుని పొద్దున తొమ్మిదికి అందేలా పోవాలి."

"తొమ్మిదికి వస్తే ఇక్కడ నాకు అర్ధరాత్రి," అన్నాడాయన. మార్క్వెసాస్ గడియారం మనకంటే సరిగ్గా పదిహేను గంటలు వెనక. "పరవాలేదు, మెలకువగానే ఉంటాను. సరే, కొండ ఎంత దూరం నుంచి కనబడుతుందని రాశావు?"

"డెబ్బై మైళ్లు. తెమేటియు శిఖరం 1200 మీటర్ల పైన ఉంది. సూత్రం ప్రకారం అంతే వస్తుంది."

"సూత్రంలో మబ్బు లేదు. ఆ కొండల తల ఎప్పుడూ మబ్బులోనే ఉంటుంది. ముప్పై, నలభై మైళ్లనుకో. నా ఓడ బ్రిడ్జి నీటికి పాతిక మీటర్ల పైన ఉండేది, అక్కడి నుంచి దిగంతం పది మైళ్లు. నువ్వు చుక్కాని దగ్గర కూర్చుంటే నీ కళ్లు నీటికి రెండున్నర మీటర్ల పైన ఉంటాయి, మూడు మైళ్ల చిల్లర. నేల వాసన ముందే తెలుస్తుందని కూడా రాశావు. గాలి నీ వెనక నుంచి కదా, వాసన దీవి దాటి అవతలికి పోతుంది. నీకు తెలిసేది దీవి చాటుకు వచ్చాకే."

ఆమె ఆ వాక్యం కొట్టేసింది. పైన జీపీఎస్ వాక్యం కూడా కొట్టేసి కొత్తగా రాయడం మొదలుపెట్టింది. జీపీఎస్ నడుస్తూనే ఉంటుంది, ఆమె చూడదు. కాపలాలో ఉన్న రెండోవాళ్లు గంటగంటకూ స్థానం ఒక పుస్తకంలో రాస్తారు. చుక్కలు, అలలు, పక్షులను బట్టి తన అంచనా ఆమె ఇంకో పుస్తకంలో రాస్తుంది. దారి పొడవునా పటాన్ని పూర్తిగా దగ్గరికి లాగి చూసే పని గాలాపగోస్ వదలక ముందే ముగియాలి. లంగరు వేసే తావును కాగితపు పటంతో కూడా పోల్చుకోవాలి.

"మెయోటాయిని పడవలోనే పెట్టుకున్నావన్నమాట. బాగుంది," అన్నాడు బాబాయి. "రెండు పుస్తకాలూ ఎప్పుడు కలిపి చూస్తారు?"

"ముప్పై మైళ్ల దగ్గర. అప్పటికి కొండ కనబడుతుంది. నా లెక్క నిజమో కాదో కళ్లే చెప్తాయి."

"అరవై."

"అరవై దగ్గర నాకు కనబడేదేమీ ఉండదు. పక్షులు కూడా రావు. ఇక ఈ లెక్కంతా ఎందుకు?"

"ముప్పై మైళ్లంటే అయిదు గంటలు. హీవా ఓవాకు ఆగ్నేయంగా మొహోటాని దీవి ఉంది, చూశావా? మనుషులుండరు, రాత్రి ఊరి దీపాలేవీ కనబడవు. నీ అంచనా పది మైళ్లు దక్షిణానికి తప్పిందనుకో, చీకట్లో ముందు తగిలేది అదే."

అమ్మాయి పటం మీద వేలితో ఆ దీవిని తాకి, తన గీతకూ దానికీ మధ్య దూరం కొలిచింది. తర్వాత 60 అని రాసి, పక్కనే "తెల్లారి ఉంటే 30" అని చేర్చింది.

"తెల్లారే ఉంటుందని ఎవరు హామీ?"

"అందుకే కదా తెరచాప తగ్గించేది."

"అయితే తెరచాపల పేజీ తియ్యి," అన్నాడు బాబాయి, కళ్లజోడు సర్దుకుంటూ. "ఆ అర నాట్ ఏ తెరచాపలో తగ్గిస్తావో, ఎన్ని మైళ్ల దగ్గర మొదలుపెడతావో చూపించు."